గట్టి పరుపు

జూన్ 4

కందిరీగకి మామయ్య దీవెనలు.

ఇక్కడ నేను, మీ అత్త, దూది ఏకే మిషను ముగ్గురం బాగానే ఉన్నాం. ముగ్గురిలో ఎవరి చప్పుడు ఎక్కువో రాయను, ఈ ఉత్తరం పోస్టులో వేసేది మీ అత్తే. మొన్న ఫోన్లో నువ్వు చెప్పినదాంట్లో నాకు సగమే వినబడింది. ముప్పై ఏళ్ళు మిషను పక్కన నిలబడ్డ చెవులు, వాటిని తిట్టుకుని లాభం లేదు. అందుకని ఎప్పట్లాగే ఉత్తరాలే రాసుకుందాం. నువ్వు గొంతు చించుకోనక్కర్లేదు, నేను అన్నీ అర్థమైనట్టు తలాడించనక్కర్లేదు.

విన్న సగంలోనే అసలు సంగతి విన్నాను. నీకు ఎనిమిదో నెల వచ్చిందని, అల్లుడు పుట్టబోయే బిడ్డకి కటకటాల మంచం కొన్నాడని. మంచం కొంటే కొన్నాడు, పరుపు మాత్రం ఎక్కడా కొనకండి. వీధిలో సగం మంది నేను కుట్టిన పరుపుల మీద పడుకుంటారు. నా మేనకోడలు బజార్లో పరుపు కొనుక్కుందని తెలిస్తే నేను కొట్టు తలుపు తీయగలనా?

మంచి బూరుగు దూది ఒక బస్తా వేరుగా తీసి పెట్టాను. మిషన్లో వెయ్యకుండా గింజ గింజా చేత్తో ఏరుతున్నాను. పరుపు, తలదిండు, దొర్లిపోకుండా అటొకటి ఇటొకటి పక్కదిండ్లు, కటకటాలకి తల కొట్టుకోకుండా చుట్టూ కట్టడానికి మెత్తటి దడి, కప్పడానికి బొంత. అన్నింటికీ ఒకటే గుడ్డ, లేత పసుపు. మీ అత్త నీలం అంది. పసుపే కుడుతున్నాను, ఆవిడ రెండు రోజులుగా నాకు టీ గ్లాసు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోతోంది.

మంచం కొలతలు రాసి పంపు. అల్లుణ్ణి కొలవమను. లిఫ్టులు బాగుచేసేవాడు కదా, వెంట్రుకవాసి తేడా రానివ్వడు. నువ్వు బస్సుల టైములు తప్ప ఇంకేదీ సరిగ్గా చెప్పవు.

బరువులెత్తకు. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకో.

మామయ్య


జూన్ 13

మామయ్యకి,

నీ ఉత్తరం డిపోకి పట్టుకెళ్ళి చదివాను. టైమ్‌టేబుళ్ళ గదిలో నా కుర్చీ కింద ఒక పీట, వెనక ఒక దిండు పెట్టారు మా వాళ్ళు. డ్రైవర్లు కూడా తలుపు దగ్గర చెప్పులు చప్పుడు కాకుండా నడుస్తున్నారు. ఇన్నాళ్ళూ నామీద గుడ్లురిమినవాళ్ళే.

మంచం లోపలి కొలత పొడవు నలభై ఎనిమిది అంగుళాలు, వెడల్పు ఇరవై నాలుగు. మీ అల్లుడు మూడుసార్లు కొలిచాడు, మూడోసారి నన్ను టేపు కొస పట్టుకోమన్నాడు.

మామయ్యా, పరుపు ఒక్కటి చాలు. అది కూడా మెత్తగా వద్దు, చెక్కలాగా గట్టిగా ఉండాలట. ఆసుపత్రిలో నర్సు చెప్పింది. దిండ్లు, దడి, బొంత ఏవీ వద్దు. ఎందుకో వివరంగా రాయాలనుంది కానీ కాళ్ళు కుండల్లా వాచాయి, ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నాను. ఇంకోసారి రాస్తాను. అత్తకి నీలమే బాగుంటుందని చెప్పు. నేను ఆవిడ పార్టీ.

నీ కందిరీగ


జూన్ 24

కందిరీగకి,

పార్టీ మారినందుకు నీ సంగతి తర్వాత చూస్తాను.

నీ ఉత్తరం మీ అత్త పైకి చదివింది. చదివాక ఇద్దరికీ మాటామాటా వచ్చింది. "వద్దు అంటే వద్దనే కదా, ఆ పిల్ల మాట విను" అంటుంది ఆవిడ. "నీకు దాని సంగతి తెలీదు, మామయ్య నడుం పడిపోతుందని వద్దంటోంది" అన్నాను నేను. చిన్నప్పుడు కొత్త చెప్పులు కొనిస్తానన్నా ఇలాగే పాతవి చాలనేదానివి. మొహం చూస్తే తెలిసేది ఎంత కావాలో. ఉత్తరంలో మొహం కనబడకపోయినా నాకు తెలుసు.

ఇక గట్టి పరుపు మాట. గట్టి పరుపు అడిగేవాళ్ళు నడుం నొప్పివాళ్ళు. నడుమే ఇంకా ఏర్పడని బిడ్డకి గట్టి పరుపు ఎందుకమ్మా? మా పనిలో ఒక లెక్కుంది. అరచెయ్యి పరుపు మీద అదిమి తీస్తే ఆ గుంట పది అంకెలు లెక్కపెట్టేదాకా పూడకూడదు. అంత మెత్తన ఉంటేనే మంచి పని. నువ్వడిగావని కాస్త గట్టిగా కూరాను, అయినా పన్నెండు అంకెలు వచ్చింది. దూది అంత గొప్పది, నేనేం చెయ్యను.

కొలత కూడా చెప్పాలి. దూది పరుపు వాడేకొద్దీ పక్కలకి సాగుతుంది, పైగా దుప్పటి దోపడానికి చెయ్యి దూరాలి. అందుకని నాలుగు వైపులా రెండేసి అంగుళాలు వదిలి కుట్టాను. పని తెలిసినవాడెవడైనా అంతే చేస్తాడు. అల్లుడు టేపు పట్టుకుని కంగారుపడకుండా ముందే చెబుతున్నాను.

మొత్తం ఆరు వస్తువులూ మూటగట్టి లారీ ఆఫీసులో వేశాను. మూటమీద "తడవరాదు" అని మూడు వైపులా రాశాను. నాలుగో వైపు మీ అత్త రాసింది.

మామయ్య


జూలై 19

మామయ్యకి, అత్తకి,

టెలిగ్రాంలాగా మీ అల్లుడు పంపిన రెండు ముక్కల కార్డు అందే ఉంటుంది. ఎనిమిదో తారీకు పొద్దున్న పదిన్నరకి పాప పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు. జుట్టు నల్లగా, నిలువుగా, నువ్వు నిద్రలేచినప్పుడు ఉన్నట్టే ఉంది మామయ్యా. నలభై ఆరేళ్ళకే నిన్ను తాతయ్యని చేశాను, కోప్పడకు.

మేం ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మూట గుమ్మంలో ఉంది. విప్పి మంచం మీద పరిస్తే గదికే వెలుగొచ్చింది. ఆ కుట్లు చూస్తే పక్కింటామె నోరెళ్ళబెట్టింది. ఏ కొట్లో దొరుకుతాయని అడిగితే మా మామయ్య చేతుల్లో తప్ప ఎక్కడా దొరకవని చెప్పాను. ఒక్కొక్క గింజా ఏరుతూ నువ్వు కూర్చున్నావని తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది. ఈ మధ్య ప్రతిదానికీ ఏడుపొస్తోందిలే, అయినా ఇది వేరు.

పాప ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. మూడు గంటలకోసారి లేస్తుంది, టైమ్‌టేబులు పక్కాగా పాటిస్తుంది, నా కూతురే అని తెలుస్తోంది. నీ పరుపు గురించి ఎంత రాసినా తక్కువే.

పాప లేచింది. ఉంటాను.

నీ కందిరీగ


ఆగస్టు 1

బంగారు తల్లికి,

నా కాళ్ళు నేలమీద ఆనడం లేదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు నడిచాను. పని లేకపోయినా తాళాలాయన దగ్గర, మందుల కొట్టు దగ్గర ఆగాను. నా మనవరాలు నేను కుట్టిన పరుపు మీద ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోందని అందరికీ చెప్పాను. తాళాలాయనకి చెప్పిందే మళ్ళీ చెప్పానట, ఆయనే గుర్తుచేశాడు.

దాంతో ఏమైందో తెలుసా? వరసగా మూడు ఆర్డర్లు. ఫోటో స్టూడియో ఆయనకి మనవడు పుట్టాడు. టైలరు కూతురికి ఇది ఏడో నెల. స్కూలు టీచరమ్మకి కవలలని డాక్టరు చెప్పాడట, ఆవిడకి రెండు సెట్లు. ముగ్గురూ "మీ మేనకోడలి పాపకి కుట్టినట్టే కుట్టాలి" అన్నారు. ఆ మాటకి నాకు కడుపు నిండిపోయింది, ఆ పూట అన్నం కూడా అక్కర్లేకపోయింది. స్టూడియో వాళ్ళ సెట్టు నిన్ననే ఇచ్చేశాను. మిగతావి కుడుతున్నాను.

మీ అత్త మాత్రం నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి, "పాప నిద్రపోతోందని రాసింది, పరుపు బాగుందని రాసింది, ఆ పరుపు మీద నిద్రపోతోందని ఎక్కడ రాసింది?" అంటోంది. వకీలు కావలసిన మనిషి, నా ఖర్మ కొద్దీ పరుపుల కొట్లో పడింది. ఆవిడ నోరు మూయించడానికైనా ఒక ఫోటో పంపు. పాప, పరుపు రెండూ కనబడాలి. కొట్లో గల్లాపెట్టె పైన తగిలిస్తాను.

తాతయ్య (అలవాటు చేసుకుంటున్నాను)


ఆగస్టు 9

మామయ్యా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపడం ఇది మూడోసారి. నీళ్ళు నమిలింది చాలు, ఉన్నదున్నట్టు రాసేస్తాను. అత్త చెప్పిందే నిజం. పాప నీ పరుపు మీద ఒక్కరోజు కూడా పడుకోలేదు.

మేం ఇంటికొచ్చిన పూటే ఆసుపత్రి నర్సు వచ్చింది. కొత్త బిడ్డలున్న ఇళ్ళకి తిరిగి చూసే ఉద్యోగం ఆవిడది. పెద్దావిడ, లావుగా ఉంటుంది, గుమ్మంలో బూట్లు విప్పి, చేతులు కడుక్కుని, ముందు పాపని కాదు, మంచాన్ని చూసింది. వద్దన్నారని తెలిసినా, నీ పని చూశాక మనసాగక నువ్వు పంపినవన్నీ అందులో ముచ్చటగా సర్ది పెట్టాను. ఆవిడ ఒక్కొక్కటే తీసి కుర్చీలో పెట్టింది. తలదిండు తీసింది. పక్కదిండ్లు తీసింది. దడి ముడులు విప్పింది. బొంత మడిచింది. నాకు ఒళ్ళు మండింది. "మా మామయ్య చేత్తో కుట్టాడండీ" అన్నాను. "పనితనం గొప్పగా ఉందమ్మా. పెద్దవాళ్ళకైతే నేనే ఒకటి కుట్టించుకుందును" అంది.

అప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టి చెప్పింది. ఇంత చిన్నబిడ్డకి మెడ నిలవదు. మొహం దూదిలోకి ఒరిగితే తిప్పుకోలేదు, దిండో బొంతో ముక్కు మీదికి వస్తే తోసుకోలేదు, ఏడవను కూడా ఏడవదు. పరుపు చదునుగా, గట్టిగా ఉండాలి, బిగుతుగా తొడిగిన దుప్పటి ఒక్కటి తప్ప మంచంలో ఇంకేదీ ఉండకూడదు. చలేస్తే బొంత కప్పకుండా ఇంకో చొక్కా తొడగాలి. వెల్లకిలా పడుకోబెట్టాలి. మంచం మన గదిలోనే ఉండాలి, కానీ బిడ్డ పడక బిడ్డదే. తర్వాత నీ పరుపు మీద అరచెయ్యి అదిమి తీసింది. ఆ గుంట చూపించి, "ఇందులో తల దిగితే?" అంది. మీ అల్లుడు పక్క సందులో చెయ్యి పెట్టాడు. నాలుగు వేళ్ళూ దూరాయి. రెండు వేళ్ళకి మించి దూరకూడదట, బిడ్డ జరిగి అందులో ఇరుక్కుపోతుందట. ఆయన మొహం తెల్లబోయింది. మధ్యాహ్నమే వెళ్ళి సరిగ్గా కొలతకి సరిపోయే గట్టి పరుపు తెచ్చాడు. చూడ్డానికి అట్టముక్కలా ఉంటుంది. పాప దాని మీదే పడుకుంటోంది.

"మెత్తటి పరుపుల మీద ఎంతమంది పెరగలేదు" అని నేనూ వాదించాను. "పెరిగినవాళ్ళు చెప్పుకుంటారమ్మా. పెరగనివాళ్ళ ఇళ్ళకి నేను వెళ్ళాను" అంది.

నీకు చెప్పడానికి మనసొప్పలేదు. నువ్వు బాధపడతావని దాచాను, అది నీమీద ప్రేమే అనుకున్నాను. ఇప్పుడు నా మాట పట్టుకుని నువ్వు ఇంకో నలుగురు పిల్లలకి కుడుతున్నావు. మామయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను, మిగతా సెట్లు ఇవ్వకు. స్టూడియో వాళ్ళకి ఇచ్చింది వెనక్కి తీసుకో. తప్పు నాది. నీది కాదు.

కందిరీగ


ఆగస్టు 20

చిరంజీవి సౌభాగ్యవతికి,

ఉత్తరం అందింది. టైలరు గారికి, టీచరమ్మకి కుట్టడం ఆపేశాను. స్టూడియో వాళ్ళింటికి ఇంకా వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో ఆలోచిస్తున్నాను. నీ దగ్గర ఉన్న సామాను లారీ ఆఫీసులో వేయించు, తిప్పి పంపెయ్యి. అక్కడ చోటు దండగ.

నిన్ను తప్పుపట్టడం లేదు. బిడ్డ నీది. నర్సు చదువుకున్నావిడ. నేను పదో తరగతి తప్పి దూది ఏకడానికి వెళ్ళినవాణ్ణి.

ఇక్కడితో సంతకం పెట్టేద్దామనుకున్నాను. మీ అత్త కాగితం లాక్కుని చూసి, "ఇంత పొడి ఉత్తరం నేను పోస్టు చెయ్యను, లోపలున్నది రాయి" అని కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంది. అందుకని రాస్తున్నాను.

నువ్వు పుట్టిన వారానికే మీ అమ్మకి జ్వరం తిరగబెట్టి మళ్ళీ ఆసుపత్రిలో చేర్చారు. నాలుగు నెలలుంది. మీ నాన్న లారీ మీద నెలకోసారి వచ్చేవాడు. నిన్ను చూసుకున్నది నేను. ఇంతవరకు నీకు తెలుసు. తెలియంది చెబుతాను. నాకప్పుడు పదిహేడేళ్ళు, పరుపుల కొట్లో పనికి చేరి ఏడాది. నీకు చిన్న పరుపు కుడతాను, వీశెడు దూది ఇవ్వండని మా యజమానిని అడిగాను. కొట్లో దూది కొండలా ఉంది. ఇవ్వనన్నాడు. ఎదురుగా సబ్బుల గోడౌనులో ఒక చెక్క పెట్టె అడిగి తెచ్చుకున్నాను. నిన్ను అందులో పడుకోబెట్టాను. కింద దూది లేదు. గోనెపట్టా నాలుగు మడతలు గట్టిగా పరిచి, దానిమీద పాత దుప్పటి లాగి పెట్టె కిందికి కట్టేశాను. తలకింద పెట్టడానికి దిండు లేదు. కప్పడానికి బొంత లేదు, నా చొక్కాలు రెండు కత్తిరించి నీకు చొక్కాలు కుట్టాను. నువ్వు అంగుష్ఠమాత్రం ఉండేదానివి. ఊపిరి ఆడుతోందో లేదో కనబడాలని ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టేవాణ్ణి. పెట్టె పగలు కొట్లో నా పక్కన, రాత్రి నా చాప పక్కన, చెయ్యి చాస్తే అందేలా పెట్టుకునేవాణ్ణి.

పరుపుల కొట్లో పనిచేసేవాడు మేనకోడల్ని సబ్బుల పెట్టెలో చెక్కమీద పడుకోబెట్టాడని వీధంతా అనుకున్నారు. ఒకావిడ నా మొహంమీదే అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మీ అమ్మ ఇంటికి వచ్చే ముందు రోజు ఆ పెట్టె ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాను. ఆవిడకి కూడా చెప్పలేదు. ఇన్నేళ్ళుగా ఎవరి పిల్లకి పరుపు కుట్టినా నువ్వే గుర్తొస్తావు. నీకు మెత్తగా ఒక్క రోజు అమర్చలేకపోయాను, నీ బిడ్డకైనా చేద్దామనుకున్నాను. అదీ పనికిరాకుండా పోయింది.

అంతే. మీ అత్త కళ్ళు తుడుచుకుంటోంది. ఇప్పుడు పోస్టు చేస్తుందట.

మామయ్య


ఆగస్టు 29

మామయ్యా,

నీ ఉత్తరం నిన్న పొద్దున్న వచ్చింది. నిన్ననే పాప బరువు చూడడానికి నర్సు కూడా వచ్చింది. నీ అనుమతి అడగలేదు, తిడితే తిట్టు, నీ ఉత్తరంలో ఆ పెట్టె గురించి రాసిన ముక్క ఆవిడకి చదివి వినిపించాను.

ఆవిడ పాపని తూకం నుంచి తీసి నా ఒళ్ళో పెట్టి, "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. గోనెపట్టా మడతల దగ్గర ఆపి, "నొక్కితే దిగేదా?" అని అడిగింది. నాకెలా తెలుస్తుంది, గట్టిగా పరిచానని రాశాడండీ అన్నాను. దుప్పటి కిందికి లాగి కట్టాడంటే ముడతలు ఉండవు, ఊడి మొహం మీదికి రాదు అంది, నాతో కాదు, తనలో తను. వెల్లకిలా అన్న దగ్గర తలూపింది. చొక్కాల దగ్గర నవ్వింది. తర్వాత అడిగింది, "ఆ అబ్బాయికి ఇదంతా ఎవరు నేర్పారు?"

ఎవరూ నేర్పలేదన్నాను. పదిహేడేళ్ళవాడు, ఏమీ లేక అలా చేశాడన్నాను.

"ఏమీ లేకపోవడమే మంచిదయింది. కావలసినవన్నీ ఉన్న ఇళ్ళలో ఇది చెప్పడానికే నాకు గొంతు పోతుంది. నేను నీకు చెప్పినవాటిలో ఆయన చెయ్యనిది ఒక్కటీ లేదు" అంది.

మామయ్యా, ఈ మాట నువ్వు సరిగ్గా చదవాలి. చెవులు వినకపోతే పోయాయి, కళ్ళున్నాయి కదా. నాలుగు నెలలు, కన్నతల్లి దగ్గర లేని, చెయ్యెడు పిల్లని నువ్వు సరిగ్గా పడుకోబెట్టావు. నీకు చెప్పేవాళ్ళు లేరు. అడిగితే ఇచ్చేవాళ్ళు లేరు. నా ఊపిరి కనబడాలనుకున్నావు, అంతే, మిగతావన్నీ దాన్నిబట్టి చేశావు. ఆ యజమాని దూది ఇచ్చి ఉంటే నువ్వు నాకు పన్నెండు అంకెల పరుపు కుట్టేవాడివి. ఆయన మంచివాడు కాడు, నేను ఆయనకి దణ్ణం పెట్టను. నీకు పెడతాను.

పాప పుట్టినప్పట్నుంచి ఒక సంగతి తెలిసింది. దానికి రొమ్ము పైకి లేచి దిగుతోందా లేదా అని నేను గంటకి నాలుగుసార్లు వంగి చూస్తాను. మీ అల్లుడు నవ్వుతాడు, నేను చూడట్లేదనుకుని తనూ చూస్తాడు. మేం ఇద్దరం ఉన్నాం, ఏడు వారాలకే అలిసిపోయాం. నువ్వు ఒక్కడివే, పగలంతా కొట్లో పనిచేసి, నాలుగు నెలలు చూశావు. ఇన్నేళ్ళూ అమ్మకి ఋణపడ్డాననుకున్నాను. నీకు ఎంత పడ్డానో నిన్న తెలిసింది. ఆ పెట్టె కాల్చేశావని చదివి నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఉంటే తెచ్చుకుని ఇంట్లో పెట్టుకునేదాన్ని.

నీ పరుపు తిప్పి పంపను. పాప పెద్దదయ్యాక, నర్సు సరేనన్నాక, దాని మీదే దొర్లుతుంది. బొంత మాత్రం నేను కాళ్ళమీద కప్పుకుని పాలిస్తున్నాను, ఇప్పుడూ అదే కప్పుకుని రాస్తున్నాను.

నర్సు ఇంకోటి అడగమంది. పెట్టె చెక్కకి పేళ్ళు లేవకుండా ఏం చేశావు?

నీ కందిరీగ


సెప్టెంబరు 12

కందిరీగకి మామయ్య,

గాజుపెంకుతో గీకాను. తర్వాత అరచెయ్యి పొడుగునా రాసి చూశాను, మూడు చోట్ల గుచ్చుకుంది, మళ్ళీ గీకాను. నర్సుగారికి చెప్పు. ఆవిడకి నా నమస్కారం కూడా చెప్పు.

నీ ఉత్తరం మీ అత్త చదువుతానంటే ఇవ్వలేదు. కొట్టు వెనక దూది బస్తా మీద కూర్చుని నేనే చదువుకున్నాను. ఎంతసేపు చదివానో తెలియదు, బయట ఎవరో పిలిచి పిలిచి వెళ్ళిపోయారట. ఏం రాసి నీకు బదులు తీర్చాలో తెలియడం లేదు. ఇన్నేళ్ళుగా మోస్తున్నది దించేశావమ్మా. నేను నీకు మేలు చేశానంటున్నావు, నువ్వు నాకు చేసింది నీకు తెలియదు. నీ అబద్ధం మీద కోపం ఆ రోజే పోయింది. నిజం చెప్పినందుకు మాత్రం చచ్చేదాకా మరిచిపోను, నువ్వు చెప్పకపోతే ఆ నలుగురు పిల్లలు నా చేతిపని మీద పడుకునేవాళ్ళు.

ఇప్పుడు కొబ్బరిపీచు పలక తెప్పించాను. దాని మీద దూది పలచగా ఒక్క పొర, దగ్గర దగ్గరగా కుట్లు. మంచం కొలత ఎంతో పరుపు అంతే, దుప్పటి దోపడానికి సందు లేదు, దుప్పటే తొడుగులా కుట్టేశాను. అరచెయ్యి అదిమితే ఒక్క అంకె కూడా రాదు. ముప్పై ఏళ్ళ అలవాటు, చేతికి అది చెడ్డపనిలా తోస్తోంది. ఒకటి నీకు పంపుతున్నాను, వాడడానికి కాదు. నర్సుగారిని అదిమి చూడమను. ఆవిడ సరేనన్నాకే ఇక్కడ ఎవరికైనా ఇస్తాను. టైలరు కూతురు ఆగుతానంది. టీచరమ్మ కూడా సరేనంది, పక్కదిండ్లు లేకపోతే కవలలు ఒకళ్ళనొకళ్ళు తంతారేమో అంది. ఒక్కొక్కరికి ఒక్కో మంచం కావాలని చెప్పాను. అది నేనే ఆలోచించి చెప్పాను, తప్పయితే రాయి.

వచ్చే నెల మొదటివారంలో మేమిద్దరం వస్తున్నాం. ఉదయం ఎనిమిదింటి బస్సు. అది ఎప్పుడు చేరుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. మీ అత్త మొత్తం నీలం గుడ్డతో చొక్కాలు కుట్టింది, ఏడు. నేను మాట్లాడలేదు.

ఇక స్టూడియో వాళ్ళ సంగతి. నీ ఉత్తరం వచ్చిన గంటలోనే వెళ్ళాను. ఆయన లేడు, వాళ్ళమ్మ ఉంది, ఎనభై ఏళ్ళ మనిషి. పరుపు, దిండ్లు వెనక్కి ఇచ్చెయ్యండి, బిడ్డకి మంచివి కావు అన్నాను. ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "నిన్నటిదాకా నీ అంత పనివాడు లేడని చెప్పుకున్నావు, ఇవాళ మంచివి కావంటున్నావు. ఇంకెవరికో ఎక్కువకి బేరం కుదిరిందా?" అంది. నర్సు చెప్పినవన్నీ చెప్పాను. "ఏడుగురిని కన్నాను, నాకు నర్సులు చెప్పాలా? పిల్లాణ్ణి చెక్కమీద పడుకోబెట్టమంటావా, దిక్కులేని పిల్లల్లాగా?" అంది.

అప్పుడు చెప్పాను. సబ్బుల పెట్టె సంగతి, గోనెపట్టా సంగతి, చొక్కాల సంగతి, అన్నీ. ఇరవై తొమ్మిదేళ్ళలో పైవాళ్ళ ముందు ఆ మాట ఎత్తడం అదే మొదలు. మా మేనకోడల్ని ఇలా పెంచానండీ అని తల ఎత్తుకుని చెప్పాను. గొంతు పెద్దదయినట్టుంది, పక్కింటివాళ్ళు తొంగి చూశారు.

ఆవిడ వాళ్ళని చెయ్యి విసిరి పొమ్మంది. తర్వాత, "ఆ పిల్ల ఇప్పుడు ఎలా ఉంది?" అంది.

బస్సు డిపోలో టైమ్‌టేబుళ్ళు వేస్తుందన్నాను. రెండు వందల బస్సులు దాని మాట వింటాయన్నాను. దానికి పాప పుట్టిందన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళింది. మనవడి బిడ్డ ఏడుపు వినబడింది, నాకు వినబడిందంటే గట్టిగానే ఏడ్చి ఉండాలి. బిడ్డని భుజాన వేసుకుని, రెండో చేత్తో పరుపు ఈడ్చుకుంటూ వచ్చి నా చేతుల్లో పెట్టింది. పరుపు ఇంకా వెచ్చగానే ఉంది.

మామయ్య